కృష్ణమ్మ డబ్బా శాసనం

రాజులు రాళ్లమీద పేర్లు చెక్కించుకున్నారు. తెలుగు గృహిణులు స్టీలు గిన్నెలమీద కొట్టించుకున్నారు. ఈ రెండు శాసన సంప్రదాయాలలో రెండవదే ఉత్కృష్టమైనదని ఉమాపతి నిశ్చితాభిప్రాయం. రాతి శాసనం ఉన్నచోటనే ఉండి, ఎండకు ఎండి వానకు తడిసి, ఏ పండితుడో వచ్చి సుద్దపొడి రుద్దేదాకా మూగగా పడి ఉంటుంది. స్టీలు శాసనం అలా కాదు. పప్పుతో ఇల్లు దాటి పక్కవీధి చేరుతుంది. అక్కడినుంచి పచ్చడితో మరో వీధికి వెళుతుంది. తన ప్రభువు పేరైనా వినని ఒక వంటింట్లో ఉప్పుకు ఆశ్రయమిచ్చి స్థిరపడుతుంది. ఏ చక్రవర్తీ తన పేరును ఇంత దూరం, ఇంత తక్కువ రక్తపాతంతో పంపలేకపోయాడు.

ఈ సిద్ధాంతాన్ని ఉమాపతి ఆ ఉదయం ఉప్పల్ మెట్రో స్టేషను వెనక సందులో, వకీలు ప్రవీణ ఆఫీసులో సభాముఖంగా ప్రతిపాదించాడు. సభలో ఉన్నవారు ముగ్గురు. ముగ్గురిలో ఒక్కరికీ దానిని ఆస్వాదించే తీరిక లేదు.

ఉమాపతి ఒక కేంద్ర పరిశోధన సంస్థలో, త్రాసులు సరిగ్గా తూస్తున్నాయో లేదో తూచే ఉద్యోగం చేసి రిటైరైనవాడు. ఇప్పుడు మనుషుల మాటలను తూస్తున్నాడు. ఆయన కార్డుమీద 'అపరాధ పరిశోధకుడు' అని ఉంటుంది. వృత్తి ఏమిటని ఇరుగుపొరుగు అడిగితే ఆయన భార్య మంగతాయారు మాత్రం "ఊరికే తిరుగుతుంటారండీ" అని చెబుతుంది.

"సార్, శాసనాల ముచ్చట తర్వాత," అంది ప్రవీణ, బల్లమీది కాగితాలు ఆయనవైపు జరుపుతూ. "మన బెయిల్ పిటిషన్‌కు సర్కారు వకీలు కౌంటర్ వేసిండు. మనకు పిడుగు పడ్డట్టే."

ఆమె ఎదుట కుర్చీలో కరుణాకర్ కూర్చుని ఉన్నాడు. నాచారంలో పిండి గిర్ని నడుపుతాడు; ఎన్ని సార్లు కడుక్కున్నా అతని చెవుల వెనక గోధుమపిండి ఉంటుంది. ఇప్పుడతడు మూడో నిందితుడు. మొన్న రింగ్ రోడ్డుమీద గంజాయి మూటలతో ఒక ట్రాలీ ఆటో పట్టుబడింది. నడిపినవాడి పేరు గండయ్య. పక్కన కూర్చున్నవాడు రెండో నిందితుడు, వాడికి పేరు తప్ప ఏమీ తెలియదు. సరుకు ఎవరిచ్చారని పోలీసులు అడిగితే గండయ్య, "గిర్ని కరుణాకరన్న ఇచ్చిండు" అన్నాడు. అంతే. కరుణాకర్ దగ్గర సరుకు దొరకలేదు. అతని ఫోన్‌లో ఏమీ లేదు. ఉన్నదల్లా పట్టుబడినవాడు చెప్పిన ఆ ఒక్క మాట.

"ఆ ఒక్క మాటే అయితే నాకు భయం లేకుండె," అంది ప్రవీణ. "పోలీసుల ముంగట ఒకడు ఒప్పుకున్నది తెచ్చి ఇంకొకని మెడకు చుట్టుడు చెల్లదని వాదిస్త, జడ్జిగారు ముందస్తు బెయిల్ ఇస్తరు. ఇప్పుడేమో ఆ మాటకు తోడు ఇంకో ముక్క దొరికిందంటున్నరు. గండయ్య రూములో ఎండు ఆకు ఉన్న స్టీలు డబ్బ. డబ్బ మీద 'కృష్ణమ్మ, నాచారం' అని పేరు."

కృష్ణమ్మ కరుణాకర్ తల్లి. గోడవారగా నిలబడి ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ డబ్బా మీదేనా అమ్మా?" అని అడిగాడు ఉమాపతి.

"ఏ డబ్బ సారు? నా డబ్బలు నా ఇంట్ల కంటె మందిండ్లల్లనే ఎక్కువున్నయి. అందరికీ ఏదో ఒకటి వండి పంపుత. ఏది యాడున్నదో యాదికి లేదు."

కౌంటరుకు జతపరిచిన ఫొటో జిరాక్సు చూశాడు ఉమాపతి. అమావాస్యనాడు బావిలోకి తొంగిచూసినట్టు ఉంది.

"సార్, సరుకు తూకం ఇరవై కిలోలు దాటింది," అంది ప్రవీణ గొంతు తగ్గించి. "ఈ చట్టంల అటువంటి కేసుకు బెయిల్ అంటె కొండ ఎక్కుడే. ఒక్కసారి లోపలికి పోయిండంటె ఎప్పుడు బయటికొస్తడో నేను మాటియ్యలేను. వాదన భోజనాల తర్వాత. అప్పటికి ఆ డబ్బ సంగతి తేలాలె."

కరుణాకర్ తల ఎత్తి, "అక్కా, గిర్నిల శంకరమ్మోళ్లు పట్టనిచ్చిన సెనగలు మెత్తబడ్తయేమో," అన్నాడు. మనిషికి మరీ పెద్ద భయం వేసినప్పుడు మనసు చిన్న భయాన్ని వెతుక్కుంటుందని ఉమాపతి ఎరుగును. ఆయన లేచి హెల్మెట్ పెట్టుకున్నాడు. ఆ శిరస్త్రాణ ధారణలో ఒక పట్టాభిషేక గాంభీర్యం ఉంది. స్కూటరు మాత్రం మూడో తన్నుకు గానీ కదలలేదు.

*

చర్లపల్లి జైలు ములాఖత్ గదిలో గండయ్య జాలీకి అవతల ఉన్నాడు. న్యాయసహాయం కింద అతనికి ఇచ్చిన వకీలు, ప్రవీణ మాటమీద, పక్కన నిలబడి అనుమతించాడు. గండయ్య నలభై ఏళ్ల మనిషి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు జాలీని పట్టుకుని, మళ్లీ వదిలేస్తున్నాడు.

"గండయ్యా, నేను పోలీసును కాను. నీ మాట ఎవరికీ రాసివ్వను. కరుణాకర్ నీకు సరుకు ఇచ్చాడా?"

"ఇయ్యలే సారు."

ఇంత సులభంగా నిజం దొరకడం ఉమాపతికి కొంత అవమానకరంగా తోచింది. ఆయన పదునైన ప్రశ్నలు చాలా సిద్ధం చేసుకుని వచ్చాడు.

"మరి ఆయన పేరెందుకు చెప్పావు? ఏం పగ?"

"పగ ఏంది సారు!" గండయ్య నిజంగానే నొచ్చుకున్నాడు. "ఆయన దేవుని లెక్క. పోయిన వానకాలం మా ఆమె కాన్పు కష్టమైతె గిర్ని బంద్ జేసి దవాఖానకు తోల్కపోయిండు. నెత్తురు గూడ ఇచ్చిండు. వాళ్లమ్మ ఇంటికొచ్చినంక రోజూ మిరియాల చారు, అన్నం పంపింది. నా సొంత అన్న గూడ గట్ల జెయ్యలే."

"అటువంటి మనిషిని..."

"వినుండ్రి సారు. పేరు చెప్పు, పేరు చెప్పు అని తెల్లారేదాంక అడిగిన్రు. అసలోని పేరు చెప్తె నా పెండ్లం పిల్ల బతకరు. చెప్పకపోతె నన్ను ఇడువరు. అప్పుడు ఆలోచన జేసిన. నాకు తెల్సిన మనుషులల్ల, ఆపద వస్తె వకీలును పట్టుకొని ఉరికొచ్చేటోడెవడు? కరుణాకరన్న ఒక్కడే. ఆయన మీదికి కేసొస్తె మంచి వకీలు వస్తది. గా వకీలు ఆయనతోని నన్ను గూడ ఇడిపిస్తదనుకున్న."

 కృతజ్ఞత గురించి ఉమాపతి చాలా గ్రంథాలు చదివాడు. ఉపకారిని దేవుడిగా నమ్మి, ఆ నమ్మకంతోనే తీసుకెళ్లి నేరపత్రంలో ప్రతిష్ఠించడం ఏ గ్రంథంలోనూ కనిపించలేదు. అయితే తర్కంలో ఎక్కడా దోషం లేదు. నిజంగానే వకీలు వచ్చింది.

"అసలువాడు ఎవరు?"

గండయ్య జాలీ వదిలేసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "అది అడుగకుండ్రి సారు. కరుణాకరన్న కాళ్లు మొక్కిన అని చెప్పుండ్రి."

*

గండయ్య గది నాచారంలో పాత కార్ఖానాల ప్రహరీ వెనక, రేకుల కింద ఉంది. తలుపు తీసింది అతని భార్య శిరీష, చంకలో ఆడపిల్ల. తాను ప్రవీణ తరఫున వచ్చానని ఉమాపతి చెప్పగానే ఆమె పక్కకు తప్పుకుంది.

ఆయన గుమ్మంలో నిలబడి గదిని పరికించాడు. ఒక మంచం, ఒక పొయ్యి, గోడకు కొట్టిన చెక్కమీద ఏడెనిమిది గిన్నెలు. దుమ్ములో గుండ్రని గుర్తులు రెండు ఉన్నాయి, రెండూ ఒకే వెడల్పు. రెండుచోట్లా డబ్బాలు లేవు.

"ఇక్కడ రెండు డబ్బాలుండేవి కదమ్మా?"

"అవు సారు. పొట్టిది పోలీసోళ్లు తీస్కపోయిన్రు. అది కృష్ణమ్మత్తది. పొడుగుదాంట్ల మా ఆయన ఆ రాత్రి అన్నం కట్టుకపోయిండు. లోడు ఎత్తిన కాడనే మరిచిన్నని ఫోన్ల చెప్పిండు."

"లోడు ఎక్కడ ఎత్తారు?"

"నాకు తెల్వది."

ఆ మాట చాలా వేగంగా వచ్చింది. ఉమాపతి త్రాసులో ముల్లు కొద్దిగా ఒరిగింది. ఆయన దానిని అప్పటికి అలాగే ఉంచి, "కాన్పు పోయిన వానకాలం కదా. మరి డబ్బా ఇన్నాళ్లూ ఎందుకు తిరిగి ఇవ్వలేదు?" అని అడిగాడు.

శిరీష ఆయనవైపు జాలిగా చూసింది. చదువుకున్నవాళ్లు అప్పుడప్పుడు ఇలాంటివి అడుగుతారని ఆమెకు తెలిసినట్టుంది.

"ఖాళీ డబ్బ ఎట్లిస్తం సారు?"

 ఉమాపతి తల్లి కూడా జీవితమంతా ఒక్క ఖాళీ గిన్నెను పొరుగింటికి తిప్పి పంపలేదు; ఏమీ లేనినాడు చిటికెడు పసుపైనా వేసేది.

"ఆమె పాణం పోసినట్టు అన్నం పంపింది," అంది శిరీష. "దాంట్ల ఏం పోసి ఇయ్యాలె? చక్కెర పోద్దామంటె ఏదో ఒక ఖర్చు అడ్డమొస్తుండె. ఆఖరికి గోడ పొంటి ఇత్తులు ఏసిన. మస్తు పుంటికూర వచ్చింది. కరుణాకరన్నకు పుంటికూర పప్పంటె పాణం. ఎండబెట్టి నింపిన. ఆయితారం ఇద్దామనుకున్న. శనివారం ఈళ్లొచ్చిన్రు."

"పుంటికూర," అన్నాడు ఉమాపతి. ఆయన దేశంలో దానిని గోంగూర అంటారు. అయిదు వేళ్లుగా చీలిన ఆకు. అదే చీలికలు ఉన్న ఇంకొక ఆకు కోసం ఒక ప్రత్యేక బృందం రాత్రింబగళ్లు తిరుగుతోంది.

"ఏంది పెద్దసారు, మళ్ల మీరేనా!"

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ భూపాల్ నిలబడి ఉన్నాడు. ఆ ప్రత్యేక బృందానికి నాయకుడు. నిజాయితీపరుడు, కష్టజీవి, ఉమాపతి అంటే మాత్రం అతనికి మెడమీద దోమ కుట్టినట్టు ఉంటుంది. పోయిన ఏడాది ఒక దొంగతనం కేసులో తనకన్నా అరగంట ముందే ఉమాపతి దొంగ ఇంటికి చేరి చాయ తాగుతూ కనిపించాడు. ఆ అరగంటను భూపాల్ మరువలేదు.

"రిటైర్ అయినంక మనుమలతోని ఆడుకోవాలె గని, గంజాయోళ్ల ఇండ్లు పట్టుకొని తిరుగుడేంది?"

"మనుమలు ఇంకా పుట్టలేదు ఇన్‌స్పెక్టరుగారూ. ఆ లోటు మీరు తీరుస్తున్నారు. మీ ఫొటో జిరాక్సులో రాత్రి తప్ప ఏమీ కనబడలేదు. అసలుది చూపిస్తారా?"

భూపాల్ నవ్వి ఫోన్ తీశాడు. రంగుల ఫొటో స్పష్టంగా ఉంది: మూత తీసి పక్కన బోర్లించిన డబ్బా, లోపల ముదురాకుపచ్చ పొడి ఆకు, పక్క అంచున చుక్కల అక్షరాలలో 'కృష్ణమ్మ, నాచారం'. ఉమాపతి ఆ అక్షరాలను శాసన పరిష్కర్త భక్తితో పెద్దవి చేసి చూశాడు. "నాకు పంపండి," అన్నాడు.

"తీస్కోండ్రి. ఎట్లయిన కోర్టుకు ఇచ్చిందే. పంచనామా పక్కా ఉన్నది. పెద్దమనిషి చిదంబరంగారు సాక్షి. ట్రాన్స్‌పోర్ట్ ఓనరు, గల్లీ మొత్తానికి మర్యాదస్తుడు. గండయ్య మొకం ఆ రోజే మొదటిసారి చూసిన అని రాసిచ్చిండు. గసుంటి సాక్షి దొరుకుడు మాకు లక్కీ."

చిదంబరం పేరు వినగానే శిరీష పిల్లను ఆ చంకనుంచి ఈ చంకకు మార్చుకుంది. ముల్లు ఇంకొంచెం ఒరిగింది.

"భోజనమైందా?" అని అడిగాడు ఉమాపతి.

"ఏంది?"

"మీ టిఫిను బయట జీపులో ఉంది. వచ్చేటప్పుడు చూశాను. ఒక్కసారి తెప్పిస్తారా? ఆకలికి కాదు. విజ్ఞానానికి."

కానిస్టేబుల్ తెచ్చిన డబ్బాను ఉమాపతి రెండు చేతులా అందుకుని, దీపారాధన చేయబోతున్నంత నెమ్మదిగా తిప్పి, అడుగుభాగం భూపాల్ ముఖం ముందు పెట్టాడు. అక్కడ చుక్కల అక్షరాలలో 'త్రిమూర్తులు' అని ఉంది.

"త్రిమూర్తులుగారెవరు?"

భూపాల్ కళ్లు చిట్లించాడు. "ఎవలో... మా ఆమె దిక్కు చుట్టాలు గావొచ్చు. లేకపోతె పాత కిరాయింటి ఓనరు."

"మీకు తెలియదు. అయినా రోజూ ఆయన డబ్బాలోనే తింటున్నారు. రేపు మీమీద ఏదైనా ఆరోపణ వస్తే, ఈ డబ్బా ఆధారంగా త్రిమూర్తులుగారిని తెల్లవారుజామున నిద్రలేపి తీసుకురమ్మంటారా?"

కానిస్టేబుల్ గోడవైపు తిరిగి దగ్గాడు. ఆ దగ్గులో అనారోగ్య లక్షణాలేవీ లేవు.

"డబ్బ సంగతి సరే," అన్నాడు భూపాల్, మెడ ఎర్రబడుతుండగా. "దాంట్ల ఆకున్నది గద? ల్యాబ్ చెప్తది."

"ల్యాబు ఎప్పుడో చెబుతుంది. కరుణాకర్‌ని ఈ సాయంత్రమే పట్టుకుపోతారు. అమ్మా శిరీషా, ఆ ఆకు ఇంకా మిగిలిందా?"

ఆమె మంచం కిందినుంచి పాతచీర మూట లాగింది. అదే రంగు, అదే చీలికల పొడి ఆకు. భూపాల్ వంగి ఒక చిటికెడు తీసి వాసన చూశాడు. ఫొటోతో పోల్చాడు. తర్వాత, ఏం తోచిందో, నాలుకమీద వేసుకున్నాడు.

పులుపు మనిషి ముఖంలో అధికారాన్ని నిలవనివ్వదు. ఒక కన్ను మూసుకుపోయింది. దవడ పక్కకు జరిగింది. ఎన్నో మూటలు పట్టిన ఇన్‌స్పెక్టర్ క్షణకాలం బడిపిల్లవాడిలా అయిపోయాడు. గంజాయికి లక్షదోషాలు ఉండవచ్చును గాని, పులుపు మాత్రం లేదు.

"మా అమ్మ గూడ గిట్లనే ఎండబెడుతుండె," అన్నాడు భూపాల్. తర్వాత బయటకు నడిచి సర్కారు వకీలుకు ఫోన్ చేశాడు. రేకుల సందునుంచి మాటలు వినబడ్డాయి: "సార్, గా డబ్బ ముచ్చట ఇయ్యాల ఎత్తకుండ్రి. నాకే డౌటున్నది... అవు సార్, తప్పు నాదే."

తప్పు నాదే అన్న ఆ మాటను ఉమాపతి గుండెలో భద్రపరిచాడు. పోటీదారుడిని ఓడించిన ఆనందం ఆయనకు చాలాసార్లు కలిగింది. పోటీదారుడికి నమస్కరించాలని అనిపించడం మాత్రం ఇదే మొదటిసారి.

*

కోర్టుకు చేరేలోగా ఉమాపతి ప్రవీణకోసం ఒక మహోపన్యాసం రచించాడు. అందులో స్టీలు శాసనాల ప్రామాణికత, గిన్నెల వలస, ఖాళీ డబ్బా నిషేధం, పుంటికూర వృక్షశాస్త్రం వరుసగా ఉన్నాయి. స్కూటరు నిలిపి, మెట్లెక్కి, ఆయాసపడుతూ హాలులోకి వచ్చేసరికి ప్రవీణ అప్పటికే నిలబడి ఉంది.

జడ్జిగారు కాగితంనుంచి తల ఎత్తకుండా సర్కారు వకీలును అడిగారు: "సహనిందితుడి మాట కాక ఈ పిటిషనర్ మీద ఇంకేమన్నా ఉందా?"

సర్కారు వకీలు వెనక్కి తిరిగి భూపాల్‌వైపు చూశాడు. భూపాల్ అడ్డంగా తల ఊపాడు.

"ప్రస్తుతానికి లేదండీ. తర్వాత ఏదైనా వస్తువు బయటపడి పిటిషనర్‌కు సంబంధం కలిస్తే, బెయిలు రద్దు కోరడానికి మాకు స్వేచ్ఛ ఇవ్వాలని మనవి."

"ఇచ్చాం. ముందస్తు బెయిలు మంజూరు. పిలిచినప్పుడల్లా దర్యాప్తుకు సహకరించాలి. తర్వాతి కేసు."

అంతే. మహోపన్యాసం ఉమాపతి చేతిలో చెమటకు తడుస్తూ ఉండిపోయింది. త్రిమూర్తులుగారి పేరు న్యాయచరిత్రకు ఎక్కే అవకాశం తప్పిపోయింది. అయినా ఆయనకు బాధ కలగలేదు. వరండాలో కరుణాకర్ గోడకు ఆనుకుని, ముఖం రెండు చేతులతో కప్పుకుని ఏడుస్తున్నాడు. చెవుల వెనక పిండి తడిసి ముద్ద అవుతోంది.

"అన్నా, ఊకో," అంది ప్రవీణ. 

"అక్కా, గండయ్యకు గూడ మీరే వకీలుగ ఉండుండ్రి," అన్నాడు కరుణాకర్ ముఖం తుడుచుకుంటూ. "వాడు నన్ను నమ్ముకున్నడు."

జైల్లో గండయ్య చెప్పిన సంగతి ఉమాపతి అప్పటికే వాళ్లకు ఫోన్‌లో చెప్పి ఉన్నాడు. కరుణాకర్ కోపగిస్తాడని ఆయన అంచనా వేశాడు. ఆ త్రాసు తప్పింది.

కృష్ణమ్మ సంచిలోనుంచి డబ్బాలు తీసి పంచుతోంది. పులిహోర. ప్రవీణకు ఒకటి, ఉమాపతికి ఒకటి. స్తంభం పక్కన, వెళ్లాలో నిలవాలో తేలక నిలబడిన భూపాల్‌కు కూడా ఒకటి.

"నాకెందుకమ్మా? నేను మీ పిల్లగాన్ని లోపలెయ్యాలని చూసిన," అన్నాడు భూపాల్.

"పట్టు బిడ్డా. తప్పని తెల్సినంక ఇడిసిపెట్టినవు గద. గదే సాలు."

భూపాల్ డబ్బా అందుకుని, అలవాటైపోయినట్టు తిప్పి అడుగు చూశాడు. అందరూ నవ్వారు.

ఆ నవ్వులోనే ఉమాపతికి గుర్తొచ్చింది: అసలు డబ్బాను కృష్ణమ్మ ఇంకా చూడనేలేదు. ఫోన్ తీసి ఫొటో చూపించాడు. ఆమె ఫోన్‌ను దూరంగా, దగ్గరగా జరిపి చూసింది.

"డబ్బ మాదే సారు. మూత మాది గాదు."

"ఏమిటీ?"

"మా మూత సాదాది. దీనికి అంచు మీద పువ్వులున్నయి. ఏవో అచ్చరాలు గూడ ఉన్నయి సూడుండ్రి."

ఉమాపతి ఫొటోను తలకిందులు చేశాడు. పొద్దుటినుంచి ఆయన డబ్బా శాసనాన్ని అక్షరం అక్షరం పఠించాడు. పక్కనే బోర్లించి ఉన్న మూతను ఒక్కసారైనా చూడలేదు. ఆ మూతమీద పువ్వుల మధ్య స్పష్టంగా ఉంది: 'చిదంబరం, రాజశ్రీ దంపతుల గృహప్రవేశ శుభసందర్భమున'.

 భూపాల్ వంగి ఆ పేరు తానూ చదివాడు.

"గండయ్య మొకం మొదటిసారి చూసిన అని రాసిచ్చిండు నాకు."

"ముఖం తెలియనివాడిని గృహప్రవేశానికి పిలిచి డబ్బా ఇచ్చాడన్నమాట," అన్నాడు ఉమాపతి నెమ్మదిగా. "గిన్నెమీద పేరు నేరం కాదు ఇన్‌స్పెక్టరుగారూ. ఆ మాటకు నేను కట్టుబడే ఉన్నాను. కానీ అబద్ధం వేరే సంగతి."

భూపాల్ మెదడు ఇప్పుడు జీపులా పరుగెత్తుతోంది. "గండయ్య పెండ్లం ఆ రోజు మాకేమన్నది? పొడుగు డబ్బల అన్నం కట్టుకపోయి, లోడు ఎత్తిన కాడ మరిచిండన్నది. మూతలు తారుమారైనయి. అంటె చిదంబరం ఇచ్చిన పొడుగు డబ్బ మీద ఈ అమ్మ మూత ఉన్నది. అది యాడ దొరికితె లోడు గాడనే ఎత్తిన్రు! పొద్దుగూకకముందే చిదంబరం గోదాములు మొత్తం ఎతుకుత." పులిహోర డబ్బా చంకలో పెట్టుకుని అతను మెట్లు దిగుతూ, సగంలో ఆగి వెనక్కి తిరిగాడు. "పెద్దసారూ... థాంక్స్."

జీపు వెళ్లిపోయింది. ప్రవీణ ముఖం వెలిగింది. కరుణాకర్ ముఖం వెలిగింది. ఉమాపతి ముఖం మాత్రం ఆరిపోయింది.

"ప్రవీణమ్మా," అన్నాడు. "ఈ అమ్మ మూత చిదంబరం గోదాములో, సరుకు పక్కన దొరుకుతుంది. పంచనామాలోకి ఎక్కుతుంది. భూపాల్ మనవాడే, కానీ సర్కారు వకీలు ఇందాక ఏ స్వేచ్ఛ అడిగాడు? వస్తువు బయటపడి సంబంధం కలిస్తే బెయిలు రద్దు. గోదాములో దొరికిన మూతమీద 'కృష్ణమ్మ, నాచారం' అని ఉంటే, ఇక అది ఒక్క సహనిందితుడి మాట కాదు."

ప్రవీణ చేతిలో పులిహోర ముద్ద అలాగే ఆగింది. కరుణాకర్ మళ్లీ గోడకు ఆనుకున్నాడు. మంజూరైన స్వేచ్ఛ వయసు ఇంకా గంట కూడా నిండలేదు. దానికి గండం తెచ్చింది తన పరిశోధనా పటిమేనని ఉమాపతికి తెలిసింది. భూపాల్‌ను గోదాముకు పంపింది తానే.

ఉమాపతి కృష్ణమ్మవైపు తిరిగాడు. 

"అమ్మా... మీ మూతమీద కూడా పేరు కొట్టించారు కదా?"

కృష్ణమ్మ ఆయన డబ్బాలో ఇంకొంచెం పులిహోర వేసింది.

"లేదు సారు. డబ్బ మీద కొట్టుడు అయింది, పేర్లు కొట్టేటోడు మూత చేతుల పట్టిండు, దుకాణంల కరెంట్ పోయింది."